రూ.5 భోజనం, ఫ్రీ రేషన్, బియ్యం విరాళాలు.. చౌక తిండికి అసలు బిల్లు ఎవరు కడుతున్నారు? రైతుకు మిగిలేది ఎంత?

వేడివేడి అన్నం, ఒక కూర, సాంబార్, పచ్చడి. ధర 5 రూపాయలు. ఇవాళ రోడ్డు పక్కన సింగిల్ టీ తాగాలన్నా అంతకంటే ఎక్కువే పెట్టాలి. మరి ఐదు రూపాయలకు ప్లేట్ భోజనం ఎలా వస్తోంది?

ఇంకోవైపు చూడండి. పండుగ రోజుల్లోనో, వరదలొచ్చినప్పుడో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక డబ్బా పెడతారు. "బియ్యం, పప్పు, నూనె ఏదైనా ఇవ్వండి" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. మనం ఒక ప్యాకెట్ వేసి వచ్చేస్తాం. ఆ తర్వాత ఏం జరుగుతుంది?

ఇక మూడో సీన్ మీ ఫోన్‌లోనే చూసుంటారు. ధర పడిపోయి ట్రాక్టర్ల కొద్దీ టమాటా రోడ్డు పక్కన పారబోస్తున్న వీడియోలు. ఒకచోట తిండి లేక ఇబ్బంది పడేవాళ్లు, ఇంకోచోట పండించింది పారబోసేవాళ్లు.

ఈ మూడింటికీ లింక్ ఉంది. చౌక తిండి అంటే ఖర్చు లేని తిండి కాదు. మనం కట్టని మిగతా డబ్బు ఇంకెవరో కడుతున్నారని అర్థం. ఆ కట్టేది ప్రభుత్వమా, దాతలా, లేక రైతేనా? వివరంగా చూద్దాం.

మనం ఇచ్చే రూపాయిలో రైతుకు ఎంత?

ముందుగా ఈ లెక్క తెలియాలి. కూరగాయల ధరలపై రిజర్వ్ బ్యాంక్ 2024లో పరిశోధన పత్రాలు విడుదల చేసింది. వాటి ప్రకారం వినియోగదారుడు టమాటాకు రూపాయి ఖర్చు పెడితే రైతుకు చేరేది సుమారు 33 పైసలు. ఉల్లి అయితే 36 పైసలు, ఆలుగడ్డ అయితే 37 పైసలు.

అంటే మనం కిలో టమాటా 30 రూపాయలకు కొంటే రైతు చేతికి వచ్చేది 10 రూపాయలు. మిగతా 20 రూపాయలు రవాణా, హమాలీ, కమీషన్, దారిలో పాడైపోయే సరుకు, హోల్‌సేల్ వ్యాపారి, చిల్లర వ్యాపారి.. ఇలా పంచుకుపోతాయి. వీళ్లంతా మోసగాళ్లని కాదు. కానీ ఇన్ని చేతులు మారాక కొనేవాడికి ధర భారంగానే ఉంటుంది, పండించినవాడికి మాత్రం గిట్టదు.

మరి పారబోయడం ఎందుకు? ఎవరికైనా ఫ్రీగా ఇవ్వొచ్చు కదా అని చాలామంది కామెంట్లు పెడుతుంటారు. ఇక్కడే అసలు సంగతి ఉంది. కిలో 2 రూపాయలు పలికిందనుకోండి. 25 కిలోల బాక్సుకు వచ్చేది 50 రూపాయలు. ఆ డబ్బులోంచే కోత కూలి ఇవ్వాలి, బాక్సు కిరాయి కట్టాలి, వాహనం బాడుగ కట్టాలి, మార్కెట్లో కమీషన్ పోవాలి. చివరికి చేతి నుంచే ఎదురు పడుతుంది. ఫ్రీగా ఇవ్వాలన్నా కోయించి ఊరు దాటించడానికి డబ్బు కావాలి. అందుకే కొందరు కోయకుండానే తోటలో దున్నేస్తారు. మార్కెట్ దాకా తెచ్చినవాళ్లు తిరిగి తీసుకెళ్లే ఖర్చు భరించలేక అక్కడే వదిలేస్తారు.

రైతు బజార్: రెండు వైపులా లాభం ఎలా?

ఈ సమస్యకు మన దగ్గర పుట్టిన ఒక సమాధానం రైతు బజార్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ఇవి మొదలయ్యాయి. అంతకుముందు పంజాబ్‌లో 'అప్నీ మండీ' పేరుతో ఇలాంటి ప్రయోగమే జరిగింది. మన తర్వాత అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడు 'ఉళవర్ సందై' మొదలుపెట్టింది.

ఇది ఎలా పనిచేస్తుందంటే.. కూరగాయలు పండించే రైతును అధికారులు పరిశీలించి గుర్తింపు కార్డు ఇస్తారు. కార్డు ఉన్న రైతు తన పంటను నేరుగా తెచ్చి అమ్ముకోవచ్చు. మధ్యలో దళారీ ఉండడు, కమీషన్ ఉండదు. ప్రతి బజార్‌కూ ఒక ఎస్టేట్ ఆఫీసర్ ఉంటారు. రోజూ ఉదయం ధరలు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు.

ఆ ధర పెట్టే పద్ధతే ఇందులో కీలకం. హోల్‌సేల్ మార్కెట్ ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువ ఉండేలా చూడాలన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచన. అంటే రైతుకు మండీలో కంటే ఎక్కువ వస్తుంది, మనకు వీధి చివర దుకాణంలో కంటే తక్కువకు దొరుకుతుంది. చౌక తిండి కోసం ఇక్కడ రైతు జేబుకు చిల్లు పడట్లేదు. తగ్గింది మధ్యలో ఖర్చు మాత్రమే.

హైదరాబాద్‌లో మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి బజార్లు, విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ బజార్లు ఇప్పటికీ జనంతో కిటకిటలాడేది అందుకే.

అయితే అన్నీ సవ్యంగా ఉన్నాయా అంటే లేదు. రైతుల పేరుతో వ్యాపారులు స్టాళ్లలో కూర్చుంటున్నారన్న ఆరోపణ పాతదే. సొంత భూమి లేని కౌలు రైతుకు కాగితాలు చూపించడం కష్టం. దూరపు ఊళ్ల రైతు నాలుగు గంపల కోసం ఒక రోజంతా సిటీలో కూర్చుంటే పొలం పని ఆగిపోతుంది. పైగా రోజుకు పరిమితంగానే అమ్మగలిగే బజార్, ఒకేసారి పెద్ద ఎత్తున వచ్చి పడే పంటను ఆదుకోలేదు.

ధర పెరిగినా, పడిపోయినా.. సర్కార్ ఏం చేస్తుంది?

2023 జూలై గుర్తుందా? టమాటా సెంచరీ దాటి పోయింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమాటా కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. ఢిల్లీ వైపు కేంద్రం ఎన్‌సీసీఎఫ్ ద్వారా మొదట కిలో 90కి, తర్వాత తగ్గించి అమ్మింది. అది కొనేవాళ్లను కాపాడే పని.

2025లో సీన్ రివర్స్ అయింది. కర్నూలు ఉల్లి రైతులు ధర లేక రోడ్డెక్కారు. దాంతో ఏపీ ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా 1,200 రూపాయలకు కొనుగోలు మొదలుపెట్టింది. ఆ ఉల్లిని రైతు బజార్లకు కూడా పంపింది. తర్వాత ఉల్లి రైతులకు హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది.

ఈ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ధర పెరిగినప్పుడు సిటీలో గోల మొదలవుతుంది, వెంటనే కౌంటర్లు తెరుచుకుంటాయి. ధర పడిపోయినప్పుడు మాత్రం రైతు రోడ్డెక్కి, వీడియోలు వైరల్ అయ్యాక కదలిక వస్తుంది. ఈలోపు పంట కుళ్లిపోతుంది. ఉల్లి, టమాటా ఫైల్ కదిలేదాకా ఆగవు కదా!

ఫ్రీ రేషన్ బియ్యం.. నిజంగా ఎంత ఖర్చు?

మన రాష్ట్రాల్లో చౌక తిండి అనగానే గుర్తొచ్చేది కిలో 2 రూపాయల బియ్యం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం దీన్ని అమలు చేసింది. ఆ తర్వాత 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. దీని కింద దేశవ్యాప్తంగా దాదాపు 81 కోట్ల మందికి నెలకు మనిషికి 5 కిలోల లెక్కన తిండి గింజలు ఇస్తున్నారు. 2023 జనవరి నుంచి ఇవి పూర్తిగా ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు.

తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దీనికి సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో శ్రీకారం చుట్టారు. సన్న వడ్లు పండించి అమ్మిన రైతుకు మద్దతు ధర మీద క్వింటాకు 500 రూపాయల బోనస్ కూడా ప్రకటించారు. చౌక బియ్యం స్కీమ్‌ను నేరుగా పండించేవాడి ధరతో కలిపారన్నమాట. ఆలోచన మంచిదే. కానీ బోనస్ డబ్బులు ఆలస్యంగా పడుతున్నాయన్న ఫిర్యాదులు మాత్రం రైతుల నుంచి వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు చిన్న లెక్క. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. క్వింటా వడ్లు ఇస్తే మిల్లర్ ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన పచ్చి బియ్యం 67 కిలోలు. భాగించి చూస్తే కిలో బియ్యానికి ఒక్క వడ్ల ఖర్చే 35 రూపాయలు దాటుతుంది. గోనె సంచులు, మిల్లింగ్, లారీలు, గోదాములు, డీలర్ కమీషన్.. ఇవన్నీ అదనం. మనకు సున్నా రూపాయలకు వచ్చే కిలో బియ్యం వెనుక ఇంత ఉంది. ఆ బిల్లు మన పన్నుల్లోంచి పోతోంది.

అందుకే రేషన్ బియ్యాన్ని కిలో పది, పన్నెండు రూపాయలకు దళారులకు అమ్మేయడం తప్పు. అలా అమ్మినా, కొన్నా కేసులు పెడతారు. తినే అలవాటు లేదని అమ్మేస్తే, ఆ బియ్యమే పాలిష్ పట్టించుకుని వేరే బ్రాండ్ సంచిలో మళ్లీ మన ముందుకే రావచ్చు.

రూ.5 ప్లేట్ వెనుక ఎవరున్నారు?

హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం 2014లో జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ కలిసి మొదలుపెట్టాయి. అన్నపూర్ణ పేరుతో నడిచిన ఈ కేంద్రాలకు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, టిఫిన్ కూడా 5 రూపాయలకే ఇవ్వడం మొదలుపెట్టారు.

ఏపీలో అన్న క్యాంటీన్లు 2018 జూలైలో మొదలయ్యాయి. 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి. మళ్లీ 2024 ఆగస్టు 15న గుడివాడలో తెరుచుకున్నాయి. టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఏదైనా 5 రూపాయలే. మూడు పూటలకు కలిపి 15. తినేవాళ్లు కట్టగా మిగిలిన ఖర్చును ప్రభుత్వం భరిస్తోంది, దాతల విరాళాలు కూడా తీసుకుంటోంది.

ఈ క్యాంటీన్ల ముందు లైన్లో ఎవరుంటారో ఒకసారి గమనించండి. ఆటోడ్రైవర్లు, అడ్డా కూలీలు, ఆస్పత్రికి వచ్చిన పేషెంట్ల బంధువులు, కోచింగ్ కోసం సిటీకొచ్చిన పిల్లలు. వీళ్లలో చాలామంది వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. పొలం గిట్టక సిటీకి వచ్చి, మళ్లీ ఎవరో రైతు పండించిన బియ్యంతో కడుపు నింపుకుంటున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. రోజూ పెద్ద ఎత్తున కూరగాయలు వాడే ఈ సెంట్రల్ కిచెన్లు, హాస్టళ్లు, మధ్యాహ్న భోజన వంటశాలలు.. వాటిని రైతు సంఘాల దగ్గర నేరుగా కొంటే? రైతుకు ముందే తెలిసిన ధర, తెలిసిన కొనుగోలుదారు దొరుకుతారు. వంటశాలకు ఖర్చు తగ్గుతుంది. రైతు బజార్‌లో గంపలతో జరుగుతున్న పనినే టన్నుల్లో చేయడం అన్నమాట. ధర పడిపోయిన వారంలో మెనూలో టమాటా పప్పు ఇంకో రెండు రోజులు పెట్టినా కొంత పంట రోడ్డు మీద పడకుండా ఆగుతుంది.

దానం రైతుకు కొత్త కాదు

విరాళాల సేకరణ అనగానే ఎన్జీవోలు, యాప్‌లు గుర్తొస్తాయి. కానీ పల్లెల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతి నెలలో తల మీద అక్షయపాత్ర పెట్టుకుని వచ్చే హరిదాసు పాత్రలో ఇంటింటా బియ్యం పోస్తారు. ఇంటికి కొత్త ధాన్యం వచ్చే కాలంలోనే ఈ సేకరణ జరగడం గమనించాలి. కోత అయ్యాక పొలంలో రాలిన పరిగ ఏరుకోవడానికి పేదవాళ్లను రానివ్వడం కూడా అలాంటిదే.

కోనసీమలో డొక్కా సీతమ్మ పేరు తెలియనివాళ్లు ఉండరు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆమె, లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. ఆ అన్నదానానికి ఆధారం ఆ ఇంటి వ్యవసాయమే. ఆమె పేరును గన్నవరం అక్విడక్ట్‌కు పెట్టారు. ఏపీలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకం కూడా 2024 నుంచి ఆమె పేరుతోనే నడుస్తోంది.

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. అక్కడి వంటశాలకు ఏపీ, తమిళనాడు, కర్ణాటకల నుంచి దాతలు కూరగాయలు పంపిస్తుంటారు. మిజోరంలో అయితే చర్చి మహిళలు వందేళ్లకు పైగా 'బుహ్‌ఫాయ్ థామ్' పాటిస్తున్నారు. వంట చేసే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి, వాటిని సేకరించి చర్చి పనులకు వాడతారు. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ ఊపేస్తున్న టైమ్‌లో హైదరాబాద్ నుంచి 'రైస్ బకెట్ ఛాలెంజ్' మొదలై దేశమంతా వైరల్ అయింది. నీళ్లు నెత్తిన పోసుకునే బదులు అవసరం ఉన్నవాళ్లకు ఒక బకెట్ బియ్యం ఇవ్వాలన్నదే ఆ ఛాలెంజ్.

మీ కాలనీలో సేకరణ చేస్తున్నారా? ఇవి చూసుకోండి

మంచి మనసు ఒక్కటే సరిపోదు. ప్లానింగ్ లేకపోతే ఇచ్చిందంతా పురుగు పట్టి పోతుంది.

ముందు అడిగి సేకరించండి: అనాథాశ్రమమో, వృద్ధాశ్రమమో, వంటశాలో.. వాళ్లకు ఏం కావాలో ఫోన్ చేసి కనుక్కోండి. అందరూ బియ్యమే ఇస్తే పప్పు, నూనె, చింతపండు వాళ్లే కొనుక్కోవాల్సి వస్తుంది.

బియ్యం కలపొద్దు: పాత బియ్యం, కొత్త బియ్యం, సన్నవి, దొడ్డువి ఒకే డబ్బాలో పోస్తే సగం మెత్తబడి సగం పలుకుగా ఉడుకుతుంది. సీల్ తీయని ఒకే రకం సంచులు ఇవ్వడం మేలు.

ఆకుకూరలు చివరి రోజే: సేకరణ మూడు రోజులు నడిపితే మొదటి రోజు తెచ్చిన తోటకూర మూడో రోజుకు పనికిరాదు. ఉల్లి, ఆలు, గుమ్మడి లాంటివి ఆగుతాయి.

వండిన తిండి అయితే జాగ్రత్త: పెళ్లిళ్లలో మిగిలిన భోజనం పంచడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పంచే సంస్థలు శుభ్రత పాటించాలి, రికార్డులు ఉంచాలి. పాడైపోయే దశకు వచ్చింది దానం కింద తోసేయకండి.

డబ్బు ఇస్తే రసీదు తీసుకోండి: విరాళంపై పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. బియ్యం, కూరగాయలు లాంటి వస్తువులకు అసలు ఈ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు కూడా వర్తించదు.

క్యూఆర్ కోడ్ చెక్ చేయండి: వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ మీద సంస్థ పేరు ఉండి, స్కాన్ చేస్తే ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగండి. సంస్థకే ఫోన్ చేసి అడగండి.

రైతును ఫ్రీగా అడగొద్దు.. కొనండి

అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ ఇదే. ధర పడిపోయినప్పుడు "ఎలాగూ పారబోస్తున్నారు కదా, మా అన్నదానానికి ఇవ్వండి" అని అడగడం తేలిక. చాలామంది రైతులు కాదనరు కూడా. కానీ అప్పటికే నష్టపోయిన మనిషి మీద కోత కూలి, రవాణా కూడా వేసినట్టవుతుంది.

దానికి బదులు ఇలా ఆలోచించండి. ఒక టన్ను టమాటా కిలో 10 రూపాయల లెక్కన తోట దగ్గరే కొంటే 10,000 రూపాయలు. వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఇంటికి 100 రూపాయలు వేసుకుంటే సరిపోతుంది. వాహనం ఖర్చుకు ఇంకొంచెం కలుపుకోవాలి. అంత సరుకును ఒక్క ఆశ్రమం వాడలేదు కాబట్టి నాలుగైదు హాస్టళ్లు, వంటశాలలతో ముందే మాట్లాడుకోవాలి. మార్కెట్లో 2 రూపాయలు పలుకుతున్నప్పుడు రైతుకు 10 వస్తే కూలి, బాడుగ పోను ఏదో ఒకటి మిగులుతుంది. వంటశాలకు కూరగాయలు చేరతాయి. ఇచ్చినవాళ్లకు తమ వంద రూపాయలు ఎక్కడికి వెళ్లాయో కళ్లముందే తెలుస్తుంది.

ఇది మొత్తం సమస్యకు పరిష్కారం కాదు. కోల్డ్ స్టోరేజీలు, టమాటా ప్రాసెసింగ్ యూనిట్లు, ముందుగానే కదిలే కొనుగోలు వ్యవస్థ.. ఇవి ప్రభుత్వాలే చేయాలి. 2022 నాటి నాబ్‌కాన్స్ అధ్యయనం ప్రకారం దేశంలో కూరగాయలు కోత నుంచి అమ్మకం దాకా రకాన్ని బట్టి దాదాపు 5 నుంచి 12 శాతం వరకు పాడైపోతున్నాయి. అందులో టమాటాదే ఎక్కువ. ఇళ్లలోనూ తక్కువేం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా ప్రకారం మన దేశంలో ఇళ్లలో ఏడాదికి మనిషికి 55 కిలోల తిండి వృథా అవుతోంది. నెలకు నాలుగున్నర కిలోలు. ఇంచుమించు ఒక మనిషికి నెలకు వచ్చే రేషన్ అంత!

కాబట్టి ఈసారి గేటు దగ్గర డబ్బాలో ప్యాకెట్ వేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరికి చేరుతుంది? దీన్ని పండించినవాళ్లకు ఎంత చేరింది? రెండింటికీ సరైన సమాధానం చెప్పగలిగిన సేకరణకే మీ చేయి వేయండి. మీ ఊళ్లోనో, కాలనీలోనో రైతుల దగ్గర నేరుగా కొని ఇలా పంచుతున్నవాళ్లు ఉంటే వాళ్ల పద్ధతి కనుక్కోండి. ఇంకో నాలుగు కాలనీలకు చెప్పండి.